వెయ్యి మీటర్లతో రాజీ

1988 ఫిబ్రవరి 14, ఆదివారం. కెనడాలోని కాల్గరీ నగరంలో శీతాకాల ఒలింపిక్స్ మొదలై ఒక్క రోజే అయింది. ఇంకా పూర్తిగా తెల్లవారకముందే అమెరికా స్పీడ్ స్కేటర్ డాన్ జాన్సెన్‌కి ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. అక్క జేన్ ఆఖరి ఘడియల్లో ఉంది. ఏడాదికి పైగా ఆమె రక్త క్యాన్సర్‌తో పోరాడుతోంది. వయసు 27. పెళ్లై, పిల్లలున్న మనిషి. ఆస్పత్రి గదిలో ఎవరో రిసీవర్ ఆమె చెవి దగ్గర పెట్టారు. అవతలి నుంచి డాన్ మాట్లాడాడు. ఆమె వినగలదు కానీ బదులు పలకలేదు. కొద్ది గంటలకే ఆమె కన్నుమూసిందని కబురొచ్చింది.

ఆ సాయంత్రమే 500 మీటర్ల పోటీ.

డాన్‌కి అప్పుడు 22 ఏళ్లు. తొమ్మిది మంది సంతానంలో ఆఖరివాడు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని వెస్ట్ ఆలిస్ వాళ్ల ఊరు. తండ్రి పోలీసు ఉద్యోగి. ఇంట్లో పిల్లలందరూ మంచు మీద పెరిగినవాళ్లే. అంతకు కొద్ది రోజుల ముందే, అదీ సొంత ఊళ్లోనే, ప్రపంచ స్ప్రింట్ చాంపియన్‌షిప్ గెలిచి కాల్గరీకి వచ్చాడు. 500 మీటర్లలో స్వర్ణం తెచ్చేవాళ్లలో ముందు వినిపించిన పేరు అతనిదే. పరుగు మానేస్తే తప్పుపట్టేవాళ్లు ఎవరూ లేరు. కానీ జేన్ బతికుంటే వెళ్లి పరుగెత్తమనే అనేదని ఇంటిల్లిపాదీ నమ్మారు. అతనూ అదే నమ్మి స్కేట్లు బిగించుకున్నాడు.

స్పీడ్ స్కేటింగ్ మనకు పరిచయం లేని ఆట. చుట్టుకొలత 400 మీటర్లుండే మంచు బాట మీద ఇద్దరిద్దరు చొప్పున పరుగెడతారు. పక్క లేన్‌లోని మనిషిని దాటినంత మాత్రాన గెలిచినట్టు కాదు. జతలన్నీ పూర్తయ్యాక ఎవరి సమయం తక్కువైతే వారిదే పతకం. కాలి కింద సన్నని ఉక్కు బ్లేడు. మలుపులో ఒళ్లంతా లోపలికి వాల్చి, బరువు మొత్తం ఆ బ్లేడు అంచు మీద వేయాలి. ఆ అంచు కాస్త జారితే నాలుగేళ్ల సాధన రెప్పపాటులో పోతుంది. 500 మీటర్లంటే అప్పట్లో 36, 37 సెకన్ల ఆట. తప్పు చేస్తే దిద్దుకునే వ్యవధి అందులో లేదు.

పిస్తోలు మోగింది. మొదటి మలుపులోనే డాన్ కాలు జారింది. పడి, మంచు మీద దొర్లుకుంటూ పోయి, పక్క లేన్‌లో వస్తున్న జపాన్ ఆటగాణ్ని కూడా పడేశాడు. లేచి రెండు చేతుల్లో తల పట్టుకున్నాడు. పరుగు మొదలై పది సెకన్లు దాటి ఉంటుందేమో, అంతే.

నాలుగు రోజుల తర్వాత, ఫిబ్రవరి 18న, 1000 మీటర్లు. ఈసారి అన్నీ కుదిరాయి. స్వర్ణం గెలిచేంత వేగంలో సాగుతున్నాడు. ఇంకా 200 మీటర్లే ఉందనగా మళ్లీ పడ్డాడు. ఈసారి మలుపులో కూడా కాదు, తిన్నని దారిలో.

ఆ రెండు పతనాలనూ ప్రపంచం టీవీల్లో చూసింది. అయ్యో పాపం అన్నది. ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి. మానసిక వికలాంగుల స్పెషల్ ఒలింపిక్స్‌లో పాల్గొన్న ఒకతను తాను గెలిచిన బంగారు పతకాన్నే కవర్లో పెట్టి పంపాడు. నీకు పతకం రాకపోవడం నాకు బాగోలేదు, నాది పంచుకుందాం అన్నది అందులోని సారాంశం. లోకం డాన్ మీద కోపగించలేదు. ఈ కథలో నాకు ముఖ్యమనిపించే విషయం ఇదే. బయట నిందించినవాళ్లు లేరు, ఇంట్లో అసలే లేరు. అయినా భయం అతనిలో గూడు కట్టుకుంది. ఎదుటివాళ్ల క్షమ మన లోపలికి దానంతటది దిగిరాదు. దానికి వేరే దారి వెతుక్కోవాలి.

ఇంట్లో లేరని ఊరికే అనలేదు. డాన్‌కి పన్నెండేళ్లప్పుడు మిన్నెసోటాలో జాతీయ స్థాయి పోటీలు జరిగాయి. ఒక మలుపు దగ్గర లేన్ గుర్తుగా వేసిన రబ్బరు గొట్టానికి బ్లేడు తగిలి తూలాడు. ఒకే ఒక్క పాయింటు తేడాతో టైటిల్ పోయింది. పిల్లవాడు ఏడుపు ఆపలేదు. తండ్రి హ్యారీ ఏమీ అనకుండా కారెక్కించుకుని ఇంటికి బయల్దేరారు. ఆరు గంటల ప్రయాణం. దారి పొడవునా ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఇంటి ముందు కారు ఆగాక ఆయన ఒక్క మాట అన్నారట: గుండ్రంగా స్కేటింగ్ చేయడమొక్కటే జీవితం కాదు నాన్నా, ఇంకా చాలా ఉంది అని. ఆ మాటను డాన్ పెద్దయ్యాక ఎన్నోసార్లు చెప్పుకున్నాడు.

ఆ ఆరు గంటల మౌనం గురించి ఆలోచిస్తే నాకు ఆ తండ్రి మీద గౌరవం కలుగుతుంది. ఓడిన పిల్లవాడికి తప్పు ఎక్కడ జరిగిందో అప్పటికే తెలుసు. రబ్బరు గొట్టం చూసుకోవాల్సిందని దారంతా చెప్పినా వాడికి కొత్తగా తెలిసేదేమీ లేదు. ఏడ్చినంతసేపు ఏడవనిచ్చారు. ఆ తర్వాత ఆటకు బతుకులో ఎంత చోటుందో అంతే చోటిచ్చి చూపించారు. ఆటను తక్కువ చేయలేదు. మర్నాడు మానేయమనీ అనలేదు.

అయినా పన్నెండేళ్లప్పుడు విన్న మాట 22 ఏళ్లప్పటి గాయానికి సరిపోలేదు. 1992లో ఫ్రాన్స్‌లోని ఆల్బర్ట్‌విల్ ఒలింపిక్స్‌కి వెళ్లేనాటికి డాన్ ప్రపంచంలోని మేటి స్ప్రింటర్లలో ఒకడు. 500 మీటర్లలో నాలుగో స్థానం వచ్చింది. 1984లో సరయెవోలో, 18 ఏళ్ల వయసులో పరుగెత్తిన మొట్టమొదటి ఒలింపిక్స్‌లోనూ నాలుగే. అప్పుడు కాంస్యానికి 0.16 సెకన్ల దూరంలో ఆగాడు. ఇక ఆల్బర్ట్‌విల్ 1000 మీటర్లలో వచ్చింది 26వ స్థానం.

పడకుండానే 26. ఆ అంకె దగ్గర కాస్త ఆగాలి. కాల్గరీలో 800 మీటర్ల దాకా స్వర్ణం వేగంతో వచ్చిన మనిషి, నాలుగేళ్ల తర్వాత అదే దూరంలో పాతికమంది వెనక ఉన్నాడు. కాళ్లలో బలం తగ్గలేదు. 1000 మీటర్లంటే తన పోటీ కాదని అతను తీర్మానించుకున్నాడు. చివరి ల్యాపులో అలసిపోతాననే భయం మొదటి ల్యాపు నుంచే వెంట ఉండేది. భయపడిన ఒళ్లు బిగుసుకుంటుంది. బిగుసుకున్న కాలు అంచు మీద పూర్తి బరువు వేయదు. బరువు పడని అంచుకు పట్టు ఉండదు. పడతానేమోనన్న భయమే జారుడుకు దారి తీస్తుంది.

విచిత్రం ఏమిటంటే, కోచ్ పీటర్ ముల్లర్ 1976 ఇన్స్‌బ్రూక్ ఒలింపిక్స్‌లో గెలిచిన స్వర్ణం సరిగ్గా ఆ 1000 మీటర్లదే. ఆ దూరం లోతుపాతులన్నీ తెలిసిన గురువు పక్కనే ఉన్నా శిష్యుడి మనసు దాన్ని దరిచేరనివ్వలేదు.

అతన్ని మార్చింది ఒక కాగితం ముక్క మీద రాత. క్రీడా మనస్తత్వ నిపుణుడు జిమ్ లోయర్ దగ్గరికి డాన్ వెళ్లేవాడు. ఆయన చెప్పిన చికిత్స చూడటానికి చిన్నపిల్లల కాపీరాతలా ఉంటుంది. రోజూ కాగితం పైన రెండు ముక్కలు రాయాలి. ఒకటి, 35.99 అనే అంకె. అప్పటికి 500 మీటర్లను 36 సెకన్లలోపు పూర్తిచేసిన మనిషి భూమ్మీద లేడు. రెండోది, వెయ్యి మీటర్లంటే నాకు ఇష్టం అనే వాక్యం.

ఇష్టం లేదని తెలిసే రాయాలి. రాసిన తొలి రోజుల్లో అది పచ్చి అబద్ధంలాగే తోచి ఉంటుంది. మన పెద్దవాళ్లు రామకోటి రాసినప్పుడు మొదటి పేజీలోనే భక్తి పొంగుకొస్తుందా? రాయగా రాయగా చేతిలోంచి మనసులోకి ఇంకుతుంది. డాన్ రెండేళ్ల పాటు రాశాడు. పొద్దున మంచు మీద సాధన, జిమ్‌లో బరువులు, సైకిల్ తొక్కడం ఎలాగో ఇదీ అలాగే, తప్పించుకోవడానికి వీల్లేని కసరత్తు.

ఈ రాత పని గతాన్ని చెరిపేయడం కాదు. కాల్గరీలో ఎక్కడ, ఏ కాలు మీద, ఎలా పడ్డాడో డాన్‌కి తెలుసు. ఆ తెలివి పోకూడదు కూడా. మలుపులో బరువు ఎలా వేయాలో, తిన్నని దారిలో పాదం ఎలా దించాలో దిద్దుకోవడానికి అదే కావాలి. పోవాల్సింది దాని వెంట వచ్చే శాపనార్థం. ఆ దూరం చేతిలో చావుదెబ్బ తిన్నవాణ్ని నేను, అది నాకు అచ్చిరాదు అనే లోపలి గొంతు. దాన్ని వాదించి నోరు మూయించడం ఎవరివల్లా కాదు. లోయర్ దాని పక్కన రోజుకో మంచి మాట కూర్చోబెట్టాడు. మంచి మాట సంఖ్య పెరిగేకొద్దీ ఆ గొంతుకు చోటు తగ్గింది.

తనపట్ల తాను దయగా ఉండటం గురించి మనస్తత్వ శాస్త్రం పరిశోధనగా పట్టించుకున్నది ఆ తర్వాతి కాలంలోనే. టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆచార్యురాలు క్రిస్టిన్ నెఫ్ 2003లో దాన్ని కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఆమె లెక్కలో అందులో మూడు పాయలున్నాయి. కష్టంలో ఉన్నప్పుడు తనను తాను తిట్టుకోకుండా ఓదార్చుకోవడం ఒకటి. తప్పు మనుషులందరికీ జరిగేదే, తానొక్కణ్నే కాదని చూడగలగడం మరొకటి. నొప్పిని దాచకుండా, పెంచకుండా ఉన్నదున్నట్టు చూడటం మూడోది. 2012లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ ఇంకో అడుగు ముందుకేశారు. విద్యార్థులకు కావాలనే కఠినమైన పదాల పరీక్ష పెట్టారు. సరిగ్గా రాయలేకపోయాక, కొందరికి ఇది అందరికీ కష్టమే, మిమ్మల్ని మీరు నిందించుకోకండి అని చెప్పారు. కొందరికి మీరు తెలివైనవాళ్లు కాబట్టే ఇక్కడ సీటొచ్చింది అని పొగడ్త ఇచ్చారు. మిగతావాళ్లకు ఏమీ చెప్పలేదు. రెండో పరీక్షకు ఎక్కువసేపు కూర్చుని చదివింది మొదటి గుంపు.

ఈ ఫలితం మన ఇళ్లలో గట్టిగా చదివి వినిపించాల్సినది. మెత్తగా మాట్లాడితే పిల్లలు చెడిపోతారని, మార్కులు తగ్గిన రోజు నాలుగు తగిలిస్తేనే బుద్ధొస్తుందని మనకొక గట్టి నమ్మకం. ఇంటర్ ఫలితాలు వచ్చిన సాయంత్రం ఎన్ని ఇళ్లలో ఎదురింటి పిల్ల పేరు వినపడుతుందో తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ రాత్రి పిల్లలు ఏం చేసుకుంటారో అన్న భయంతో పత్రికలు ప్రతి ఏడూ హెల్ప్‌లైన్ నంబర్లు అచ్చేస్తున్నాయి. అమ్మానాన్నల తిట్లు ఒకరోజుతో ఆగుతాయి. కానీ వాటిని విని నేర్చుకున్న పిల్ల, నలభై ఏళ్లొచ్చాక కూడా, ఆఫీసులో చిన్న పొరపాటుకు తనను తాను అదే గొంతుతో తిట్టుకుంటుంది. సప్లిమెంటరీ పరీక్షకు చదవాలంటే తప్పు రాసిన జవాబును మళ్లీ తెరిచి చూడాలి. తిట్లు తిన్న మనసు ఆ పేజీ తెరవదు. డాన్ జాన్సెన్ 26వ స్థానంలో నాకు ఆ తెరవని పేజీయే కనిపిస్తుంది.

1993 డిసెంబర్ 4. నార్వేలోని హమార్ పట్టణం. బోర్లించిన వైకింగ్ ఓడ ఆకారంలో ఒలింపిక్స్ కోసం కట్టిన కొత్త స్టేడియం. 500 మీటర్లలో డాన్ సమయం 35.92 సెకన్లు. రోజూ కాగితం మీద రాసిన అంకెకన్నా తక్కువ. చరిత్రలో 36 సెకన్ల గడప దాటిన తొలి మనిషి అతనే. ఎనిమిది వారాల తర్వాత కాల్గరీలో, పడిన ఊళ్లోనే, దాన్ని 35.76కి దించాడు.

మిగిలింది రెండో వాక్యం.

1994 ఫిబ్రవరి 14. లిల్లెహామర్ ఒలింపిక్స్, అదే హమార్ ఓడ స్టేడియం. జేన్ పోయి సరిగ్గా ఆరేళ్లు. 500 మీటర్లలో అతనికి సాటి లేడన్నది అందరి మాట. చివరి మలుపులో బ్లేడు జారింది, చేయి మంచును తాకింది. పడలేదు. కానీ 500 మీటర్లలో అంతమాత్రం చాలు. ఎనిమిదో స్థానం. రష్యాకు చెందిన అలెగ్జాండర్ గోలుబెవ్ 36.33 సెకన్లతో స్వర్ణం గెలిచాడు. డాన్ పేరిట ఉన్న రికార్డు కంటే అది సగం సెకనుకు పైగా నెమ్మది. మామూలు పరుగు పరుగెత్తి ఉన్నా సరిపోయేది.

మళ్లీ నాలుగు రోజుల గడువు. మళ్లీ ఫిబ్రవరి 18. మళ్లీ 1000 మీటర్లు. ఆరేళ్ల కిందటి తారీఖులే తిరిగొచ్చాయి. వయసు 28. ఇదే చివరి ఒలింపిక్స్ అని అందరికీ తెలుసు. నాలుగు ఒలింపిక్స్‌లో అప్పటికి ఏడు పరుగులు, పతకాలు సున్నా. ఇది ఎనిమిదోది, ఆఖరిది.

ఆ నాలుగు రోజుల్లో అతని తలలో ఏం నడిచిందో కల్పించి రాయడం నాకిష్టం లేదు. కనబడినదే చెబుతాను. పరుగు మొదలైంది. 200 మీటర్లు, 600 మీటర్లు. అడుగు నిండుగా పడుతోంది. గడియారం ప్రపంచ రికార్డు దిశగా నడుస్తోంది. స్టేడియం లేచి నిలబడింది. చివరి ల్యాపు. ఏళ్ల తరబడి అతను భయపడిన ల్యాపు. అందులోని ఒక మలుపులో ఎడమ పాదం జారింది. చేయి మంచు మీదకు వాలింది. లేన్ గుర్తుకు బ్లేడు తగలడానికి వేళ్ల వెడల్పు దూరమే ఉంది. ప్రేక్షకుల్లోంచి ఒక్కసారిగా కేక. పన్నెండేళ్ల వయసునాటి మిన్నెసోటా గొట్టం, కాల్గరీ మలుపు, కాల్గరీ తిన్నని దారి, నాలుగు రోజుల కిందటి జారుడు, అన్నీ ఆ ఒక్క క్షణంలో పోగైనట్టున్నాయి.

డాన్ కంగారు పడలేదు. పోయిన లయను అందుకోవాలని వెర్రిగా కాళ్లాడించలేదు. మోకాళ్లు అంతే వంచి ఉంచాడు, తర్వాతి అడుగు నిదానంగా, పూర్తిగా వేశాడు. ఆ పైది కూడా. నా దృష్టిలో రెండేళ్ల కాగితాలు పనిచేసిన చోటు అది. జారడం ఆగిపోలేదు. గొప్ప స్కేటర్లు కూడా జారతారు. జారిన తర్వాతి అర సెకనులో తనను తాను శత్రువులా చూసుకోవడం ఆగిపోయింది.

గీత దాటాక తలెత్తి బోర్డు చూశాడు. 1 నిమిషం 12.43 సెకన్లు. ప్రపంచ రికార్డు. రెండు చేతులూ తలకు చేర్చుకున్నాడు, కాల్గరీలో పడి లేచినప్పటిలాగే. మిగతా జతలు పరుగెత్తాక బెలారస్‌కు చెందిన ఇగోర్ జెలెజోవ్‌స్కీ 0.29 సెకన్ల తేడాతో రెండో స్థానంలో, రష్యా ఆటగాడు సెర్గెయ్ క్లెవ్‌చెన్యా మూడో స్థానంలో నిలిచారు.

పతక వేదిక మీద జాతీయ గీతం పూర్తవుతుండగా డాన్ పైకి చూసి అక్కకు సెల్యూట్ చేశాడు. తర్వాత దీపాలు తగ్గించి ఒక్క వెలుగు అతని మీద వేశారు. గెలుపు చుట్టు వేస్తుండగా తొమ్మిది నెలల కూతుర్ని అతని చేతికి అందించారు. ఆ పాపకు పెట్టుకున్న పేరు జేన్.

ముగింపు వేడుకలో అమెరికా జెండా మోసే గౌరవం అతనికే దక్కింది. అదే ఏడాది పోటీల నుంచి తప్పుకున్నాడు. తర్వాత టీవీలో స్కేటింగ్ వ్యాఖ్యాతగా, షికాగో బ్లాక్‌హాక్స్ ఐస్ హాకీ జట్టుకు స్కేటింగ్ కోచ్‌గా పనిచేశాడు. అక్క మీది ప్రేమతో రక్త క్యాన్సర్ బాధితుల కోసం నిధులు సేకరించాడు.

500 మీటర్లలో ఒలింపిక్ పతకం అతనికి చివరిదాకా రాలేదు. 36 సెకన్ల గడప మొదట దాటినవాడికి ఆ దూరంలో ఒలింపిక్స్ మిగిల్చినవి ఒక పతనం, రెండు నాలుగో స్థానాలు, ఒక ఎనిమిదో స్థానం. ఉన్న ఒకే ఒక్క పతకం తనది కాదనుకున్న దూరంలోది. ఉపన్యాసాలకు పిలిచినవాళ్లు స్వర్ణం సంగతి ఎంత అడుగుతారో కాల్గరీ సంగతీ అంతే అడుగుతారు. అతను రెండూ చెబుతాడు, ఏ కాలు ఎక్కడ జారిందో దాచకుండా.